లైట్ల బూట్లు వద్దన్న పిల్ల

పోయిన శనివారం మా అక్క కూతురికి బూట్లు కొందామని షాపుకెళ్ళాం. ఐదున్నరేళ్ళ పిల్ల, కిండర్‌గార్టెన్ చదువుతోంది. అడుగు వేసినప్పుడల్లా మడమ దగ్గర ఎర్రగా, నీలంగా లైట్లు వెలిగే బూట్లుంటాయి కదా, అవి తీసి చూపించాను. ఆ వయసులో నాకైతే అలాంటివి కొనివ్వకపోతే షాపు మధ్యలో పడి దొర్లేవాణ్ణి. ఇది మాత్రం తల అడ్డంగా ఊపింది.

"వద్దు మావయ్యా. చీకట్లో దాక్కున్నప్పుడు వెలుగుతాయి. బ్యాడ్ గై చూసేస్తాడు."

దాగుడుమూతల సంగతేమో అనుకుని నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయాను. స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చేయించారంట. లైట్లు ఆర్పి, తలుపు గడియ వేసి, పిల్లలందర్నీ ఓ మూల కూర్చోబెట్టి, ఎవరు ఎక్కువసేపు చప్పుడు చెయ్యకుండా ఉంటారో చూద్దాం అన్నారంట టీచరమ్మ. బూట్ల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదంట. అది ఆ పిల్ల సొంతంగా ఆలోచించి పెట్టుకున్న మాట.

నేను టెస్టింగ్ టీంలో పని చేస్తాను. ఎవరికీ తట్టని ఎడ్జ్ కేసులు పట్టడం నా ఉద్యోగం. కానీ ఐదున్నరేళ్ళ పిల్ల తన చావు గురించి ఎడ్జ్ కేసు పట్టడం నేనెక్కడా చూడలేదు. మామూలు బూట్లు కొనుక్కుని ఇంటికొచ్చేశాం. అప్పట్నుంచీ కడుపులో ఏదో తిప్పుతూనే ఉంది. ఆ కడుపుమంటే ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అదే రోజు సాయంత్రం తెలిసినవాళ్ళ ఇంట్లో పాట్‌లక్. మాకు పెద్దన్నలాంటివాడు, పదిహేనేళ్ళ కిందటే వచ్చాడు, ఇప్పుడు సిటిజన్. నాకు ఈ దేశంలో మొదటి అద్దె ఇల్లు చూసిపెట్టింది ఆయనే. బూట్ల కథ చెప్పాను. అందరూ "అయ్యో" అన్నారు. తర్వాత పులిహోర పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి మొదలైంది వాదన. అన్న దగ్గర ఒక పిస్టల్ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన్ని తప్పుపట్టే ముందు ఆయన భయం చెప్పాలి, అది న్యాయం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో, బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీరుని, దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్చి చంపారు. 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థుల్ని క్యాంపస్ అపార్టుమెంట్లోనే చంపేశారు. 2023 మే 6న మా పక్క ఊరు ఆలెన్‌లో ఔట్‌లెట్ మాల్ దగ్గర ఎనిమిది మందిని చంపితే, అందులో హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి ఒకరు. మనం అందరం బట్టలు కొనుక్కునే మాల్ అది. కాబట్టి భయం అబద్ధం కాదు. ఆ భయానికి అన్న వేసుకున్న మందు మీదే నా గొడవ.

ఇక ఆ రోజు విన్న వాదనలు ఒక్కొక్కటిగా.

ఒకటి. "తుపాకీ చంపదు తమ్ముడూ, మనిషి చంపుతాడు."

2012 డిసెంబరు 14. కనెక్టికట్‌లోని శాండీ హుక్ ఎలిమెంటరీ స్కూల్లో ఒకడు 20 మంది పసిపిల్లల్నీ, 6 గురు పెద్దవాళ్ళనీ చంపాడు. సరిగ్గా అదే తేదీన చైనాలో, హెనాన్ రాష్ట్రంలోని ఒక పల్లెటూరి స్కూల్లో ఇంకొకడు పిల్లల మీద పడ్డాడు. 23 మంది పిల్లలు గాయపడ్డారు. ఒక్కరు కూడా చనిపోలేదు. ఎందుకంటే వాడి చేతిలో ఉన్నది కత్తి. మనిషి అక్కడా ఉన్నాడు, దుర్మార్గం అక్కడా ఉంది. మారింది చేతిలో వస్తువొక్కటే. ఇంతకంటే శుభ్రమైన ఎ-బి టెస్ట్ దేవుడు కూడా రాయలేడు.

రెండు. "ఇదంతా మెంటల్ హెల్త్ సమస్య."

ఔను, సమస్యే. కానీ మానసిక రోగం అమెరికాకి మాత్రమే ఇచ్చిన వీసా కాదు కదా! జపాన్‌లో లేదా? మన దగ్గర లేదా? అమెరికాకి మాత్రమే ఉన్నదేమిటంటే, 2017 నాటి అంచనా ప్రకారం ప్రజల చేతుల్లో 39 కోట్ల పైచిలుకు తుపాకులు. వంద మందికి 120. మనుషులకంటే తుపాకులు ఎక్కువున్న దేశంలో కూర్చుని, తప్పంతా మనసుదే అంటే ఎలా?

మూడు. "మంచివాడి చేతిలో కూడా గన్ ఉంటే చెడ్డవాణ్ణి ఆపుతాడు."

2022 మే 24, ఉవాల్డే. మన టెక్సాసే. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఆ రోజు స్కూలు దగ్గరికి వచ్చిన పోలీసులు, ఏజెంట్లు కలిపి 376 మంది అని టెక్సాస్ శాసనసభ కమిటీయే లెక్కపెట్టింది. అందరూ మంచివాళ్ళే, అందరి చేతుల్లో తుపాకులే. లోపల క్లాసురూంలోంచి పిల్లలు 911కి ఫోన్ చేస్తుంటే, తలుపు తీసి వాణ్ణి పడగొట్టడానికి 77 నిమిషాలు పట్టింది. 2018లో పార్క్‌లాండ్‌లో కూడా స్కూల్లో ఆయుధమున్న డెప్యూటీ ఉన్నాడు, లోపలికి వెళ్ళలేదు. 1999లో కొలంబైన్‌లోనూ ఒకరున్నారు. శిక్షణ పొందిన పోలీసులే ఆగిపోయినచోట, లెక్కల టీచరు బ్యాగులోంచి పిస్టల్ తీసి ఆపుతుందని నమ్మడం సినిమా పిచ్చి. మన హీరో ఒక్కడే వంద మందిని కొట్టే సినిమాలు చూసి పెరిగాం కదా, అందుకే మనకది తేలిగ్గా ఎక్కుతుంది.

నాలుగు. "చట్టాలున్నాయి కదా, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంది కదా!"

ఇక్కడ మాత్రం నాకు వృత్తిపరంగా ఒళ్ళు మండుతుంది. ఆ సిస్టం ఎలా పనిచేస్తుందో చూడండి.

2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపినవాణ్ణి, 2005లోనే ఒక జడ్జి తనకు తానే ప్రమాదకారి అని తేల్చి చికిత్సకు పంపాడు. ఫెడరల్ చట్టం ప్రకారం వాడు తుపాకీ కొనకూడదు. కానీ ఆ రికార్డు చెక్ చేసే డేటాబేసులోకి వెళ్ళనేలేదు. వాడు దర్జాగా రెండు పిస్టళ్ళు కొన్నాడు. సరే, అప్పుడు బుద్ధొచ్చింది, 2008 జనవరిలో దాన్ని సరిచేయడానికి చట్టం చేశారు. పదేళ్ళ తర్వాత, 2017లో టెక్సాస్ సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో మళ్ళీ అదే. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఆ మనిషి నేరం రికార్డు పంపలేదు. ఒకే బగ్, మళ్ళీ ప్రొడక్షన్‌లో, మళ్ళీ శవాలు. మన ఆఫీసులో ఒక పేమెంట్ ఫెయిలైతే రాత్రి రెండింటికి లేపి కూర్చోబెడతారు.

ఇంకా ఉంది. నేరం చేసిన తుపాకీ ఎవరిదో వెతికే ఫెడరల్ కేంద్రం వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. మూతపడిన షాపుల రికార్డులు అట్టపెట్టెల్లో అక్కడికొస్తాయి. స్కాన్ చేస్తారు గానీ, యజమాని పేరు కొట్టి వెతికే వీలు ఉండకూడదు! 1986 నాటి చట్టం తుపాకుల కేంద్ర రిజిస్ట్రీని నిషేధించింది మరి. చెక్ పాసైన కొనుగోలు వివరాల్ని 24 గంటల్లో చెరిపేయాలి. లైసెన్సున్న షాపులో కాకుండా ఇంకో మనిషి దగ్గర కొంటే ఫెడరల్ చట్టం ప్రకారం చెక్కే అక్కర్లేదు. బగ్ కాదండీ ఇది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులోనే అలా రాసుకున్నారు.

చట్టాల వల్ల ఏమీ కాదన్నవాళ్ళు బ్రిటన్ వైపు చూడాలి. 1996 మార్చిలో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ స్కూల్లో 16 మంది పిల్లలు, ఒక టీచరు చనిపోతే, మరుసటి ఏడాదికల్లా చేతి తుపాకుల్ని నిషేధించారు. ఆ తర్వాత అక్కడ ఏ స్కూల్లోనూ అలాంటి ఊచకోత జరగలేదు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది పోతే, రెండు వారాలు తిరక్కుండానే కొత్త కట్టుబాట్లకి ఒప్పందం కుదిరింది. దాదాపు ఆరున్నర లక్షల తుపాకుల్ని ప్రభుత్వం కొనేసింది. 2025 డిసెంబరులో బాండి బీచ్‌లో ఘోరం జరిగింది కదా అంటారా? జరిగింది. సీటు బెల్టు పెట్టుకున్నవాళ్ళు కూడా చనిపోతారు. అందుకని బెల్టు తీసేస్తామా?

ఐదు. ఇదే అసలైనది. "మనకెందుకు తమ్ముడూ, ఇది వాళ్ళ దేశం గోల. మన స్కూల్ డిస్ట్రిక్ట్ మంచిది."

శాండీ హుక్ ఉన్న న్యూటౌన్ కూడా మంచి డిస్ట్రిక్టే. రేటింగ్ చూసి, రెండు బెడ్రూములు తగ్గినా పరవాలేదని మనం ఇల్లు కొనే రకం ఊరు. స్కూలు రేటింగ్ బుల్లెట్‌ని ఆపదు.

అసలు స్కూలు కాల్పులు చేసే పిల్లలకి తుపాకీ ఎక్కడిది? సీక్రెట్ సర్వీస్ వాళ్ళు 2008 నుంచి 2017 దాకా జరిగిన స్కూలు దాడుల్ని తవ్వి 2019లో నివేదిక ఇచ్చారు. తుపాకీతో చేసినవాటిలో నాలుగింట మూడు వంతుల కేసుల్లో ఆయుధం తల్లిదండ్రుల ఇంటి నుంచో, దగ్గరి బంధువు ఇంటి నుంచో వచ్చిందే. శాండీ హుక్‌లో తల్లిది. 2018 సాంటా ఫేలో తండ్రిది. 2021లో మిషిగన్ ఆక్స్‌ఫర్డ్‌లో అయితే నాలుగు రోజుల ముందే కొని ఇచ్చారు. ఆ రోజు పొద్దున పిల్లాడు లెక్కల కాగితం మీద గీసిన బొమ్మ చూసి స్కూలు వాళ్ళు పిలిపిస్తే, తల్లిదండ్రులు వచ్చి చూసి, పిల్లాణ్ణి అక్కడే వదిలేసి వెళ్ళారు. బ్యాగు ఎవరూ తెరవలేదు. నలుగురు పిల్లలు పోయారు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ పది నుంచి పదిహేనేళ్ళ జైలు పడింది.

నిజానికి స్కూల్లో చనిపోయే పిల్లలు మొత్తంలో కొద్దిమందే. 2020లో తుపాకీ మరణాలు రోడ్డు ప్రమాదాల్ని దాటేసి అమెరికా పిల్లల, టీనేజర్ల చావుకి మొదటి కారణం అయ్యాయి. అందులో ఎక్కువ జరిగేది ఇళ్ళల్లో, వీధుల్లో. ఒక చెడ్డ రోజున, ఒక చెడ్డ మార్కు వచ్చిన సాయంత్రాన, చేతికందేది ఏమిటన్న దాని మీద ప్రాణం ఆధారపడుతుంది. మార్కుల కోసం పిల్లల్ని పీక్కుతినే జాతి మనది. మన ఇళ్ళల్లో ఆ సాయంత్రాలు తక్కువా?

ఇదంతా చెప్పి అన్నని ఒక్క ప్రశ్న అడిగాను. "గన్ ఎక్కడ పెట్టారన్నా?"

"క్లాజెట్‌లో పై అరలో. ఎవరికీ అందదు. మా వాడికి అసలు ఉన్నట్టే తెలీదు."

పన్నెండేళ్ళ కొడుకు కోక్ తీసుకోవడానికి వచ్చాడు. ఫ్రిజ్ తలుపు మూస్తూ, "బ్లూ షూ బాక్స్‌లో కదా నాన్నా," అని వెళ్ళిపోయాడు.

ఎవరూ మాట్లాడలేదు. వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా అక్క కూతురు ఆ ఇంట్లో పైన ఆ అబ్బాయి చెల్లెలితో ఆడుకుంటోంది. ప్రతి శనివారం ఆడుకుంటుంది. స్కూల్లో బ్యాడ్ గై కి దొరక్కుండా మామూలు బూట్లు కొనుక్కున్న పిల్ల, నీలం బూట్ల పెట్టెకి ఇరవై అడుగుల దూరంలో ఆడుకుంటోందన్నమాట.

టెక్సాస్‌లో పదిహేడేళ్ళ లోపు పిల్లలకి అందేలా తుపాకీ వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే నేరమే. కానీ దాన్ని పేల్చి ఎవరికీ ఏమీ కానంతవరకూ శిక్ష మహా అయితే 500 డాలర్ల జరిమానా. అంటే చట్టం మన కోసం ఆ పెట్టెకి తాళం వెయ్యదు. మనమే వేసుకోవాలి.

నేను హెచ్1బీ మీదున్నాను, నాకు ఓటు లేదు. నాలాంటి వీసావాళ్ళు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఇది తెలీకుండా రేంజిలో ఫోటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే పిల్లలకి చెప్పండి. 2024 నవంబరులో అట్లాంటాలో హైదరాబాదు కుర్రాడొకడు పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. కన్నవాళ్ళకి శవపేటిక వెళ్ళింది.

మరి ఏం చెయ్యాలి? ఓటున్నవాళ్ళు స్కూల్ బోర్డు మీటింగులకి వెళ్ళండి. గణితం క్లాసు గురించి రెండు గంటలు మాట్లాడే మనం, తుపాకీ తాళాల గురించి తల్లిదండ్రులకి ఉత్తరం పంపమని రెండు నిమిషాలు అడగలేమా? మీ ప్రతినిధికి రాయండి. పార్క్‌లాండ్ తర్వాత నెల తిరక్కుండానే ఫ్లోరిడాలో రిపబ్లికన్ గవర్నరే కొనే వయసుని 21కి పెంచి, ప్రమాదకరమైనవాళ్ళ దగ్గర్నుంచి కోర్టు ద్వారా తుపాకీ తీసుకునే చట్టం మీద సంతకం పెట్టాడు. పిల్లలు రోడ్డెక్కితే అయింది. 2022లో ఉవాల్డే తర్వాత కాంగ్రెస్ కూడా, 21 ఏళ్ళ లోపు వాళ్ళు కొనేటప్పుడు గట్టిగా తనిఖీ చెయ్యాలని చట్టం చేసింది. చాలదు, కానీ శూన్యం కాదు.

ఓటు లేనివాళ్ళం కూడా ఒకటి చెయ్యగలం. పిల్లని ఎవరింటికైనా ఆటకి పంపేముందు, "వేరుశెనగ ఎలర్జీ ఉందండీ" అని చెప్తాం కదా, అదే గొంతుతో, "మీ ఇంట్లో గన్ ఉందా? తాళం వేసి ఉందా?" అని అడగండి. మొహమాటమే. నేనూ ఆ రాత్రి మొహమాటంతో సగం చచ్చాను. చాలా ఊళ్ళలో పోలీసు స్టేషన్లోనే కేబుల్ లాక్ ఊరికే ఇస్తారు.

అన్న నాతో ఇంకా మాట్లాడట్లేదు. నిన్న వదిన మాత్రం ఫోన్ చేసింది. "బాబూ, ఏ సేఫ్ మంచిదో కాస్త చూసి చెప్పవా?" అని. చూస్తున్నాను. తాళం కోడ్ మాత్రం కొడుకు పుట్టినరోజు పెట్టొద్దని చెప్పాను.

అక్క వాళ్ళ స్కూల్లో వచ్చే నెల మళ్ళీ డ్రిల్ ఉందంట.