ట్రేడ్ ఇచ్చేది మార్కులు చూసే.. మరి ఇష్టం మాటేంటి? ఐటీఐల్లో అసలు చిక్కు ఇదే!

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు.. చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఇంటరా? పాలిటెక్నికా? ఐటీఐనా? ఐటీఐ అని తేలితే మాత్రం ట్రేడ్ రెండు నిమిషాల్లో ఖరారైపోతుంది. మార్కులుంటే ఎలక్ట్రీషియన్, లేదంటే ఫిట్టర్. అదీ రాకపోతే ఏ సీటు ఖాళీగా ఉంటే అది! ఆ పని పిల్లాడికి నచ్చుతుందా అన్నది అడిగేవాళ్లు తక్కువ.

తల్లిదండ్రుల లెక్క తప్పా?

కాదు. విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఎలక్ట్రికల్ ఐటీఐ అడుగుతారు. రైల్వేలో టెక్నీషియన్, అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగాలకూ ఐటీఐ పనికొస్తుంది. అందుకే ఆ సీట్లకు అంత పోటీ. కానీ ఈ లెక్కంతా ఉద్యోగం గురించే. దానికి ముందు ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి ట్రేడ్‌లలో రెండేళ్ల శిక్షణ ఉంది. పిల్లలు నిలబడాల్సింది అక్కడే.

ఇష్టం ఎందుకంత ముఖ్యం?

అమెరికా సైకాలజిస్ట్ జాన్ హాలాండ్ 1959లోనే ఈ విషయం చెప్పారు. కొందరికి పనిముట్లు, యంత్రాలంటే ఆసక్తి. ఇంకొందరికి మనుషులతో మెలగడం, మరికొందరికి లెక్కాపత్రాలు ఇష్టం. ఇలా ఆయన ఆరు రకాలు చెప్పారు. మనిషి తీరుకు పని సరిపోతే అందులో నిలదొక్కుకుంటాడన్నది ఆయన సిద్ధాంతం.

ఫిట్టర్ ట్రేడే చూడండి. మొదట్లో ఇనుప ముక్కను ఆకురాయితో గంటల తరబడి అరగదీయాలి. కొలత తేడా వస్తే మళ్లీ మొదటికి. చేతిపని నచ్చినవాడికి అది పంతం.. నచ్చనివాడికి అది శిక్ష! డుమ్మాలు అక్కడే మొదలవుతాయి. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా పని రాని పరిస్థితికి అదీ ఒక కారణం.

చూడకుండా ఇష్టపడేదెలా?

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. లేత్ మెషిన్‌ను ఎప్పుడూ చూడని పదహారేళ్ల పిల్లాడిని 'నీకేది ఇష్టం?' అని అడిగితే ఏం చెబుతాడు? కొన్ని ఇష్టాలు పని చేస్తుంటేనే పుడతాయి.

జర్మనీలో స్కూల్లో ఉండగానే విద్యార్థులు కంపెనీలకు వెళ్లి పని చూసొస్తారు. తర్వాత అప్రెంటిస్‌గా చేరినా, మొదటి ఒకటి నుంచి నాలుగు నెలలు ప్రొబేషన్. నచ్చకపోతే తప్పుకోవచ్చు. మన జాతీయ విద్యా విధానం-2020లోనూ ఇలాంటి ఆలోచన ఉంది. 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి పక్కనపెట్టి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి వాళ్ల దగ్గర పని తెలుసుకోవాలని అందులో రాశారు. అది ప్రతి బడిలో నిజంగా జరిగితే పదో తరగతి తర్వాత ఈ అయోమయం కొంతైనా తగ్గుతుంది.

కొత్త కోర్సులు వస్తే సరిపోతుందా?

తెలంగాణలో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే ప్రాజెక్టు చేపట్టారు. ఎలక్ట్రిక్ వాహనాలు, రోబోటిక్స్ లాంటి కోర్సులు అందులో ఉన్నాయి. మంచి పరిణామమే. కాకపోతే రోబోటిక్స్ అన్న పేరు చూసి చేరినా, సీటు దొరికిందని చేరినా చిక్కు మాత్రం ఒకటే.

మరి ఇంట్లో ఏం చేయొచ్చు? ఆప్షన్లు పెట్టే ముందు రెండు రోజులు తీసుకోండి. దగ్గర్లోని మోటార్ వైండింగ్ షాపు, వెల్డింగ్ షెడ్డు, మెకానిక్ గ్యారేజీ పిల్లలకు చూపించండి. ఎక్కడ ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నారో గమనించండి. ట్రేడ్ గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.