కర్ర చెక్కడం కూడా చదువే

మొన్న సంక్రాంతి పాట్‌లక్‌లో ఒకాయన నా అరచేతుల్లో బొబ్బలు చూసి సంగతేంటని అడిగారు. విల్లు చెక్కుతున్నానని చెప్పా. "ఇంత చదువుకుని వడ్రంగం ఏంటండీ! రెండొందల డాలర్లు పడేస్తే ఇంటికే వస్తుందిగా" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్కడ నేనూ నవ్వేసి ఊరుకున్నాను. జవాబు ఇక్కడ చెప్తాను.

కొనుక్కోవచ్చు. ఆ ఫైబర్‌గ్లాస్ విల్లు నా దానికన్నా బాగా కొడుతుంది కూడా. నా పేచీ దాంతో కాదు, "చదువుకుని" అన్న మాటతో.

నేనుండే కేన్సస్‌లో పొలం గట్ల మీద ఓసేజ్ ఆరెంజ్ చెట్లుంటాయి. ముళ్ళతీగ రాకముందు రైతులు కంచెగా నాటిన చెట్టు ఇది. ఓసేజ్ తెగవాళ్ళు దీంతోనే విల్లులు చేసుకునేవారు. ఫ్రెంచివాళ్ళు దీనికి పెట్టిన పేరుకి అర్థమే 'విల్లు కర్ర'.

దుంగని రంపంతో కొయ్యకుండా ఇనప చీలలు దిగ్గొట్టి, పోగు ఎటు పోతే అటు చీలనివ్వాలి. చివర్లకి జిగురు పూసి, ఏడాదో ఆపైనో నీడన ఆరబెట్టాలి. తర్వాత బెరడూ, దాని కింది తెల్లకర్రా తీసేస్తే పసుప్పచ్చటి చేవ బయటపడుతుంది. అందులో ఒకే ఒక్క ఏటి వలయాన్ని ఈ చివర్నించి ఆ చివరిదాకా వదలకుండా పట్టుకుపోవాలి. ముడి దగ్గర వలయం లేస్తే కత్తీ లేవాలి. అదే విల్లుకి వీపు. లాగినప్పుడు సాగేది ఆ వైపే. వలయం మధ్యలో తెగితే విల్లు అక్కడే విరుగుతుంది.

ఆపైన లోపలివైపు కొంచెం కొంచెం గీకుతూ, వంచి చూసుకుంటూ పోవాలి. మందం పదో వంతు తగ్గితే బిగువు 27 శాతం పోతుంది. ఇంజనీరింగ్‌లో చదివిన బీమ్ పాఠమే ఇది, నాకు మంచి మార్కులే వచ్చాయి! నా మొదటి కర్రని 80 పౌండ్ల విల్లు చేద్దామనుకున్నాను (అది విల్లు తూకం కాదు, పూర్తిగా లాగడానికి కావల్సిన బలం). ఓ ఆదివారం తొందరపడి కింది సగంలో ఒకేచోట ఎక్కువ గీకాను. మిగతా కర్రంతా దానికి సరిచెయ్యబోతే చివరికి 45 మిగిలింది. ఇందులో అన్‌డూ లేదు మరి.

1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు ఓడలో వందకి పైగా విల్లులు దొరికాయి. యూ అనే చెట్టువి, ఒక్కోటీ ఒకే కర్ర. చాలావాటి బలం వంద పౌండ్ల పైమాటేనని పరిశోధకుల అంచనా. వాటిని చెక్కినవాళ్ళకి మన బీమ్ సూత్రం తెలీదు, అప్పటికది పుట్టనే లేదు. అయినా లెక్క తప్పలేదు. మరి చదువుకున్నది ఎవరు?

మా ఊళ్ళో నాగళ్ళు చేసే ఆచారి గారు, నిలబడి ఉన్న తుమ్మచెట్టుని చూసి ఏ వంపు నాగలికి పనికొస్తుందో చెప్పేవారు. మాకు మార్కులు తగ్గితే ఇంట్లో "బాడిస పట్టుకు పో" అని తిట్టేవారు, ఆయన వాకిట్లో పని చేస్తుండగానే! ఆయన్ని నేను ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇప్పుడు కర్ర పోగు చదవడం నేర్చుకోడానికి వీకెండ్ క్లాసుకి డాలర్లు కడుతున్నాను.

దసరాకి లాప్‌టాప్‌కి బొట్టు పెడతాం. పనిముట్టుకి దణ్ణం, దాన్ని పట్టిన చేతికి చిన్నచూపు! ఇది అమెరికా వచ్చాక నేర్చుకున్నది కాదు, ఇంటి నించి మూటగట్టుకు తెచ్చుకున్నదే. నా మూటలోనూ ఉంది కాబట్టే చెప్తున్నాను.

రెండో కర్ర గరాజ్‌లో ఆరుతోంది. అది విల్లయ్యాక ఆ పెద్దాయన చేతికే ఇస్తాను. నవ్వే ముందు ఒక్కసారి లాగి చూడమంటాను.