మాంసకృత్తు అను పదమును గూర్చి

మన యున్నత పాఠశాలలలో ప్రకృతిశాస్త్రమును చదువు బాలబాలికలందఱును “మాంసకృత్తులు” అను పదమును కంఠస్థము చేయుదురు. పిండిపదార్థములు, క్రొవ్వులు, మాంసకృత్తులు, లవణములు, విటమినులు అని వరుసగా నప్పగింతురు. పిండి యన నేమో, క్రొవ్వన నేమో వారికి ఇంటిలోనే తెలిసియుండును. మాంసకృత్తన నేమని యడిగినచో మాత్రము పెక్కుమంది “మాంసములో నుండునది” అని బదులు చెప్పుదురు. ఈ యుత్తరము సరికాదు. అయినను దోషము బాలురది గాదు. పదమును విడదీసి చూపక విడిచిన బోధనది. ఇది చిన్న విషయముగా తోచినను దీని ఫలితము మన యిండ్లలోని కంచముల వఱకు పోవుచున్నది గనుక నా యభిప్రాయమును చదువరులకు మనవి చేయుచున్నాను.

గ్రంథమును చేయువాడు గ్రంథకృత్తు. ఆ పదమును విని, గ్రంథకర్త గ్రంథములో కాపురముండునని యెవ్వరు ననుకొనరు. ఆ విధముగనే మాంసమును, అనగా కండను, చేయునది మాంసకృత్తు. దేహమున కండను పెంచు పదార్థమని దాని యర్థము. ఆ పదార్థ మెక్కడ దొరకునో ఈ పదము చెప్పదు. ఏమి చేయునో మాత్రము చెప్పును.

ఇక ప్రోటీను అను పేరు పుట్టిన విధమును చూతము. హాలండు దేశపు రసాయనజ్ఞుడగు గెరార్డస్ ముల్డరు గ్రుడ్డులోని తెల్లసొన, నెత్తుటిలోని నారపదార్థము మున్నగువానిని పరీక్షించుచుండెను. స్వీడను దేశమున ప్రఖ్యాతుడైన బెర్జీలియసు 1838వ సంవత్సరము జులై 10వ తేదీన ఆయనకు వ్రాసిన జాబులో ఈ పేరును సూచించెను. గ్రీకు భాషలో “ప్రోటోస్” అనగా మొదటిది. మన “ప్రథమ” శబ్దమునకు అది దూరపు చుట్టము. జంతువుల పోషణకు ఈ పదార్థము ప్రధానమైనదనియు, దీనిని మొక్కలు సిద్ధము చేసి శాకభక్షకములకు ఇచ్చుననియు, వానినుండి మాంసభక్షకములకు అది చేరుననియు ఆ జాబులోని భావము. చదువరులు దీనిని గమనింపవలెను. పేరు పెట్టిన దినముననే మొక్క ముందు, మాంసము వెనుక! అంతకు పూర్వమే, 1745లో, బొలోన్యా నగరపు బెక్కారి గోధుమపిండిని నీట కడిగి, పిండి పోగా మిగిలిన జిగురుపదార్థము జంతుపదార్థములను పోలియున్నదని ప్రకటించియుండెను.

ముల్డరు సిద్ధాంతము నిలువలేదు. ఈ పదార్థములన్నిటికిని ఒకే మూలద్రవ్యము కలదని ఆయన తలచెను. అది నిజము గాదు. ఇరువది రకముల ఎమినో ఆమ్లములు వేర్వేరు వరుసలలో కూడుటచే లెక్కకు మించిన ప్రోటీనులు ఏర్పడుచున్నవని తరువాత తేలినది. సిద్ధాంతము పోయినను పేరు నిలిచినది. ఇట్టి యుదాహరణము లింకను కలవు. ఆక్సిజను అనగా ఆమ్లమును పుట్టించునది. ఆమ్లములన్నిటికి అదియే కారణమను లవోజియే తలంపు పొరపాటని తెలిసినను, ఆ పేరును మన “ఆమ్లజని”యు నిలిచియే యుండెను. 1912లో ఫంకు పెట్టిన విటమిను పేరును అట్టిదే. కావున పేరు వేఱు, లక్షణము వేఱు. పేరు ద్వారమువంటిది, ద్వారముకడనే నిలిచినవాడు ఇల్లు చూడలేడు.

ఇతర భాషలవారు ఈ పదార్థమునకు ఏమని పేరిడిరి? జర్మనులు “ఐవైస్” అనిరి. గ్రుడ్డు తెలుపని యర్థము. డచ్చివారి “ఐవిట్” అదియే. రష్యావారి “బెలోక్” కూడ తెలుపునుండి పుట్టినది. చీనా, జపాను భాషల పదములకును గ్రుడ్డు తెల్లసొన పదార్థమనియే యర్థము. ఆ దేశముల బాలుడు ఆ పేరు వినగానే గ్రుడ్డును తలచును. మలయాళమున “మాంస్యము” కలదు. వంగభాషలో “ఆమిష” శబ్దమును వాడుదురు. తమిళులు “పురతము” అని ధ్వనిని పోల్చుకొనిరి.

దూరమేల? మన మనూరు ప్రాంతమునే చూడుడు. నారాయణఖేడు తాలూకా 1956వ సంవత్సరము వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ యేట రాష్ట్రముల పునర్విభజనమున ఆ జిల్లాలోని కన్నడభాగము మైసూరునకు, మరాఠీభాగము బొంబాయికి, మన తెలుగుభాగము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. అయినను సంతలో నాలుగు భాషలు నేటికిని వినవచ్చును. ఈ నాలుగింటిలో ఈ యొక్క పదార్థమునకు నాలుగు పేరులు. తెలుగున మాంసకృత్తు. ఉర్దూలో “లహమియాత్”, లహమ్ అనగా మాంసము. మరాఠీలో “ప్రథినే”, ఇది చెవికి ప్రోటీనువలెను, మనసునకు ప్రథమమువలెను తోచును. కన్నడమున “ససారజనక”, సారజనకమనగా మన నత్రజని, దానితో కూడినది ససారజనకము. ఒకరు కండను చూచిరి, ఒకరు ప్రాధాన్యమును చూచిరి, ఒకరు ద్రవ్యమును చూచిరి. రసాయనశాస్త్రదృష్టితో చూడగా కన్నడపదమే మిక్కిలి తగినది. ఏలయన ప్రోటీనున నూటికి సుమారు 16 పాళ్లు నత్రజని యుండును. ఆ నత్రజనిని కొలిచియే ఆహారమున ప్రోటీను ఎంతయో లెక్కింతురు. పిండిలోను క్రొవ్వులోను నత్రజని లేదు.

ఈ పదచర్చవలన ప్రయోజనమేమని యడుగవచ్చును. మాంసకృత్తను మాట విని, మాంసము తినని యింటి తల్లి “అది మాకు గాదు” అనుకొనును. మాంసము కొనలేని యింటి తల్లి “అది మాకు లేదు” అనుకొనును. పోనిండు, ప్రోటీను అని యందమా? నేడు ఆ పేరు డబ్బాలమీద అచ్చుపడి మందుల దుకాణములలో అధికమైన వెలకు అమ్ముడుపోవుచున్నది. ఒక పదము కసాయి యంగడికిని, ఒక పదము మందుల యంగడికిని త్రోవ చూపుచుండగా, నడుమ నున్న కందిచేను ఎవరి కంటికిని ఆనకున్నది! మన నల్లరేగడి నేలలలో పండు కందులు, పెసలు, మినుములు, శనగలు ఈ పదార్థమునకు గనులు. నూఱు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, జొన్నలలో సుమారు 10 గ్రాములు ప్రోటీను కలదు. దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాము చొప్పున పెద్దవారికి చాలునని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. జొన్నలో కొఱవడిన లైసీను పప్పులో కలదు. పప్పులో కొఱవడిన మెథియొనీను జొన్నలో కలదు. కావున జొన్నరొట్టెయు పప్పును కలిపి తిను మన పెద్దల యలవాటు శాస్త్రసమ్మతమైనది. గ్రుడ్డు, పాలు, మాంసము శ్రేష్ఠములే. దొరకినవారు, తినువారు తినవలసినవే. కాని అవి లేనిచో గతి లేదనుట సత్యము గాదు. పప్పు నీళ్లుగా కాచి, అన్నము రాసులుగా పెట్టుటయే మన లోపము.

కొందఱు సంస్కృతపదమును తీసివేసి క్రొత్తపదమును కల్పింపవలెనందురు. నే నందులకు సమ్మతింపను. పరీక్షాపత్రములలోను పుస్తకములలోను నెలకొనిన పదమును త్రోసివేసినచో రెండు తరములకు నడుమ మాట తెగును. మఱి కొందఱు పేరులతో పనియేమి, పదార్థము తెలిసిన చాలునందురు. ఇదియు సరి గాదు. “క్వాషియోర్కర్” అను వ్యాధినామమును తలచుకొనుడు. పశ్చిమాఫ్రికాలో గా భాష మాటలాడు తల్లులు, క్రొత్తబిడ్డ పుట్టగా చనుబాలు మానిన పెద్దబిడ్డకు వచ్చు జబ్బును ఆ పేరుతో పిలిచెడివారు. సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు 1935లో ఆ పేరునే వైద్యలోకమునకు తెలిపెను. తల్లులు పెట్టిన పేరులోనే వ్యాధి యెప్పుడు వచ్చునో, ఎవరికి వచ్చునో ఇమిడియుండెను. వంటయింటి భాషకు అంతటి శక్తి కలదు.

కావున నా మనవి యిది. మాంసకృత్తును పుస్తకమున నుండనిండు. దానిని బోధించు దినమున సమాసమును విడదీసి, “కండను చేయునది” అని నల్లబల్లమీద వ్రాయుడు. దాని ప్రక్కనే లహమియాత్, ప్రథినే, ససారజనక అను పదములను ఆ యా భాషలు తెలిసిన బాలురచేతనే చెప్పింపుడు. ఆపైని పప్పు, పెసలు, శనగలు, పల్లీలు, పాలు, గ్రుడ్డు అని వ్రాయుడు. విద్యార్థులారా, మీరును ఇంటికి పోయి తల్లికి మాంసకృత్తని చెప్పవలదు. “అమ్మా, పప్పు కొంచెము చిక్కగా నుండనిమ్ము” అని చెప్పుడు. పదమున కర్థ మప్పుడు కంచములో కనబడును.