పాలపీక మీది అంకెను కాదు, బిడ్డ ముఖాన్ని చూడండి

మందుల దుకాణంలో పాలసీసాకు పీక కావాలని అడిగితే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "బాబుకు ఎన్ని నెలలు?" మూడు నెలలంటే రెండో నంబరు, ఆరు నెలలంటే మూడో నంబరు చేతికి వస్తుంది. బడిలో పై తరగతికి పంపినట్లు, నెలలు నిండగానే పీకను కూడా మార్చాలన్న భావన మన ఇళ్లలో స్థిరపడిపోయింది. "ఇంకా ఒకటో నంబరుతోనే పడుతున్నారా?" అని చుట్టాలు అడిగితే తల్లి చిన్నబుచ్చుకోవడం కూడా కద్దు. ఈ పద్ధతి సరైనది కాదని నా దృఢమైన అభిప్రాయం. పీకను నిర్ణయించవలసినది బిడ్డ తాగే తీరు. వయసు కాదు, పెట్టె మీది అంకె అసలే కాదు.

తల్లిపాలకు సాటి లేదన్న సంగతి మీకు తెలిసినదే. మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలు. పోతపాలు తప్పనిసరి అయినప్పుడు కూడా సీసా కంటే ఉగ్గుగిన్నె మేలు. కడగడం తేలిక, క్రిములు దాగడానికి మూలలు ఉండవు. పాలపొడులకు, పాలసీసాలకు ప్రచారం చేయరాదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దానిని మరింత కఠినం చేశారు. అది మంచి చట్టం. అయినా ఉద్యోగానికి తిరిగి వెళ్లే తల్లులు, కవలలను సాకే తల్లులు, జబ్బుపడిన తల్లులు ఉన్నారు. వారి ఇంట సీసా ఉంటుంది. "సీసా వాడకండి" అన్న ఒక్క మాటతో వారిని పంపివేస్తే, మిగిలిన పాఠమంతా దుకాణదారు చెబుతాడు. వైద్యులు సీసాను ప్రోత్సహించకూడదు. కానీ దానిని వాడుతున్న తల్లికి జాగ్రత్త చెప్పడం ప్రోత్సహించడం కాదు.

పాలు తాగడం మనకు చిన్న పనిగా కనిపిస్తుంది. బిడ్డకు అది మూడు పనుల కూర్పు: చప్పరించాలి, మింగాలి, ఊపిరి తీయాలి. మింగే క్షణంలో ఊపిరి ఆగుతుంది. గర్భంలో సుమారు 34 వారాలు గడిస్తే గాని ఈ మూడింటి మధ్య పొందిక కుదరదు. కనుక నెలలు నిండకుండా పుట్టినవారికి ఇది మరీ కష్టం. ధార వేగంగా వస్తుంటే బిడ్డ వరుసగా మింగుతూనే ఉండాలి, ఊపిరికి తీరిక చిక్కదు. తెలుగులో పీక అంటే గొంతు కూడా. సీసా పీక హెచ్చితే ఇబ్బంది పడేది ఆ పీకే.

ఇక అంకెల సంగతి. ఒక కంపెనీ ఒకటో నంబరుకూ మరొక కంపెనీ ఒకటో నంబరుకూ పొంతన ఉండాలన్న నియమం లేదు. 2016లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, వేర్వేరు పీకల నుండి నిమిషానికి వచ్చే పాలు 2 మిల్లీలీటర్ల లోపు మొదలుకొని 85 మిల్లీలీటర్ల దాకా ఉన్నట్లు తేలింది. అప్పుడే పుట్టిన బిడ్డలకని, నెమ్మదైన ధార అని పేరు పెట్టి అమ్మేవాటి మధ్య కూడా ఎన్నో రెట్ల తేడా కనిపించింది. అటువంటప్పుడు పెట్టె మీది మాటను నమ్మి ఏమి ప్రయోజనం?

బిడ్డ మాత్రం స్పష్టంగానే చెబుతుంది. పెదవుల మూలల నుండి పాలు కారుతున్నా, గుటగుటమని చప్పుడుతో మింగుతున్నా, కళ్లు పెద్దవి చేసి కనుబొమలు ఎత్తి వేళ్లు చాపుతున్నా, తల పక్కకు తిప్పుకొంటున్నా, పొలమారుతున్నా ధార ఎక్కువైందని అర్థం. "ఎంత ఆత్రంగా తాగుతున్నాడో!" అని మనం మురిసిపోయే దృశ్యం చాలాసార్లు ఆత్రం కాదు, ముంచుకొస్తున్న పాలతో పెనుగులాట. వెంటనే సీసా తీసి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి ఊపిరి తీసుకోనివ్వండి. ఆ తరువాత తక్కువ ధార గల పీకకు మారండి. పెదవులు నీలంగా మారితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మన ఇళ్లలో మరొక అలవాటు ఉంది. పాలు దిగడం లేదని సూదిని ఎర్రగా కాల్చి పీక రంధ్రాన్ని పెద్దది చేస్తారు. దీనిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కాల్చిన సూది చేసే రంధ్రానికి కొలత ఉండదు, అంచు చిరిగి రోజురోజుకూ వెడల్పవుతుంది, తెగిన రబ్బరు ముక్క నోట్లోకి పోవచ్చు. అసలు పాలు ఎందుకు దిగలేదో ముందు చూడాలి కదా! పొడి సరిగా కరగక ఉండకట్టి అడ్డుపడి ఉండవచ్చు. మూతను మరీ బిగిస్తే గాలి లోపలికి పోక పీక చప్పిడి పడిపోతుంది; కాస్త వదులు చేస్తే చాలు. కొందరు నాలుగో నెలలోనే రాగిజావ, నానబెట్టిన బిస్కెట్లు సీసాలో పోసి, అవి దిగలేదని సూది అందుకుంటారు. అటువంటి ఆహారం ఆరు నెలలు నిండాకే, అదీ చెంచాతోనే. కొందరైతే ధార కోసమని పాలలో నీళ్లు ఎక్కువ కలుపుతారు. ఇది ఇంకా ప్రమాదం. బిడ్డ పొట్ట నిండుతుంది, ఒళ్లు చేయదు.

పీక నిజంగా చాలని సందర్భాలు కూడా ఉన్నాయి. ఎన్నోసార్లు చప్పరిస్తే గాని ఒక గుటక పడకపోవడం, విసిగి పీకను కొరకడం, అరగంట దాటినా పాలు మిగలడం దాని గుర్తులు. అప్పుడు ఒక అంకె పెంచి చూడవచ్చు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. పాలు తాగుతూ నుదుట చెమటలు పడుతున్నా, ఆయాసపడి మధ్యలో ఆగిపోతున్నా, బరువు పెరగకపోయినా నేరం పీక మీద వేయకండి. పుట్టుకతో వచ్చే గుండె జబ్బు కొందరిలో మొదట బయటపడేది ఇలాగే. పీక తరువాత పీక మారుస్తూ వారాలు గడిపితే ఆ బిడ్డకు విలువైన కాలం పోతుంది. పిల్లల వైద్యుడు గుండె చప్పుడు వినాలి.

మరి నెమ్మదిగా తాగే బిడ్డ ఆరోగ్యంగా ఉంటే? రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, మొదటి మూడు నెలలలో రోజుకు సుమారు 25 నుండి 30 గ్రాముల చొప్పున బరువు పెరుగుతూ ఉంటే, ఏడాది దాకా ఒకటో నంబరే వాడినా నష్టం లేదు. పగలు సీసా, రాత్రి తల్లి రొమ్ము తాగే బిడ్డలకు నెమ్మదైన పీకే ఉండాలంటాను. శ్రమ లేకుండా ధారగా వచ్చే పాలకు అలవాటు పడితే, రొమ్ము దగ్గర పాలు దిగేదాకా ఆగే ఓర్పు పోతుంది. తల్లి తనకు పాలు తగ్గాయనుకొని బెంగపడుతుంది. పట్టే తీరు కూడా ముఖ్యమే: బిడ్డ తల ఎత్తుగా, సీసా దాదాపు అడ్డంగా ఉండాలి. నడుమ నడుమ ఆపాలి.

రబ్బరు పీకలు మరిగించిన కొద్దీ మెత్తబడి సాగుతాయి; నిన్నటి ఒకటో నంబరు నేడు రెండో దానిలా కారవచ్చు. జిగటగా మారినా, చీలినా పారవేయండి. కొత్త అంకెకు మారేటప్పుడు మాత్రం పాతది మంచి స్థితిలో ఉంటే దాచి ఉంచండి. కొత్తదానిని రాత్రి నిద్రమత్తులో కాక పగటిపూట, బిడ్డ ముఖం స్పష్టంగా కనిపించే వెలుతురులో మొదటిసారి పట్టండి. మొదటి కొద్ది గుటకలలోనే కళ్లు పెద్దవైతే, పాతదే మళ్లీ బిగించండి.