పాత వాల్వు ఆంప్లిఫయరును కొనవచ్చునా?

మన దేవాలయములలో ఎలక్ట్రిక్ గిటారు వాయించు యువకులు నేడు పెక్కుమంది కలరు. అమెరికాలోనో ఇంగ్లాండులోనో అఱువది యేండ్ల క్రిందట తయారైన వాల్వు ఆంప్లిఫయరు నొకదానిని సంపాదింపవలెనని వారిలో కొందఱి కోరిక. తలిదండ్రుల కిది వెఱ్ఱిగా తోచును. తక్కువ వెలకు క్రొత్తది దొరకుచుండగా పాతది యెందులకని వా రడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా యభిప్రాయ మేమనగా, తెలిసి కొన్నచో నిది దుబారా కాదు; తెలియక కొన్నచో దుబారా మాత్రమే గాక ప్రాణాపాయము కూడను.

వాల్వనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందొక లోహభాగము ఎఱ్ఱగా కాగినప్పుడు ఎలక్ట్రానులు వెలువడి యెదుటి పలకను చేరును. ఆ రెండింటి నడుమ సన్నని తీగజాలి యుండును. గిటారునుండి వచ్చు స్వల్ప విద్యుత్తు నా జాలి కిచ్చినచో, అది తనకంటె నెన్నోరెట్లు పెద్దదైన ప్రవాహమును నడపును. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన పిదప రేడియోలనుండి వాల్వులు క్రమముగా తొలగిపోయినను, గిటారు వాద్యకారులు వానిని విడువలేదు. కారణము చెవికే తెలియును. శక్తికి మించి వాయించినప్పుడు ట్రాన్సిస్టరు స్వరతరంగపు శిఖరమును కత్తితో కోసినట్లు కోయును. వాల్వు దానిని మెల్లగా గుండ్రపఱచును. మెల్లగా మీటిన తేటగా పలుకును, గట్టిగా మీటిన బొంగురుపోవును. వ్రేలి బలమును బట్టి పలుకు మాఱు నీ గుణమునకే వాద్యకారులు వశులైరి.

ఈ పెట్టెలలో ప్రసిద్ధమైనవానిని చేసిన లియో ఫెండరు, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణమున రేడియోలు బాగుచేయువాడు. ఆయన బాసు గిటారు కొఱకు చేసిన బాస్‌మన్ పెట్టెను ఆధారముగా గొని లండనులో జిమ్ మార్షలు దుకాణమువారు 1960 తర్వాత తమ పెట్టెలను కట్టిరి.

ఇది కేవలము లోకసంబంధమైన వాద్యమని మన పెద్దలలో కొందఱు శంకింతురు. వారు సిస్టర్ రోజెటా థార్పు పేరు వినియుండరు. ఆమె 1915లో ఆర్కన్సా రాష్ట్రమున సువార్త ప్రకటించు తల్లికి జన్మించి, చిన్ననాటనే సంఘములలో గిటారు వాయించుచు పాడినది. 1964లో మాంచెస్టరునందు వాడుకలో లేని యొక రైలుస్టేషనులో, వాన పడిన దినమున, ఎలక్ట్రిక్ గిటారు ధరించి నోవహు కాలపు వానను గూర్చిన భక్తిగీతమును పాడెను. ఆ చిత్రమును చూచినవారు ఆ వాద్యము దేవుని స్తుతికి తగదని యనజాలరు.

ఇక కొనుగోలు మాట. అమెరికా పెట్టె 120 వోల్టుల కేర్పడినది. మన యిండ్లలోనిది 230. విదేశమునుండి బంధువులు పంపిన పెట్టెను తిన్నగా గోడకు తగిలించిన, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును. కావున వోల్టేజిని తగ్గించు వేఱొక ట్రాన్స్‌ఫార్మరు కావలయును. పాతవానిలో పెక్కింటికి భూసంబంధము లేని రెండు తీగల త్రాడే యుండును. దానిని తీయించి మూడు తీగల త్రాడు వేయింపక వాయింపరాదు. కెపాసిటర్లు ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. వాయింపనప్పుడును పెట్టె బుయ్యిమని మ్రోయుచున్నచో ముందుగా వానిని శంకింపవలెను. స్విచ్చి ఆపి త్రాడు లాగిన తర్వాతను వానిలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలిచియుండవచ్చును. అందుచేత బాలు రెవ్వరును పెట్టె వెనుక పలకను విప్పరాదని గట్టిగా చెప్పుచున్నాను. స్పీకరు తగిలింపకుండ నడుపుటయు హానికరమే. వాల్వులకు మాత్రము భయపడ నక్కఱలేదు. రష్యా, చైనా, స్లొవేకియా దేశములలో నవి నేటికిని తయారగుచున్నవి.

అమ్మువాడు పేరుపలకను చూపి వెల చెప్పును. మీరు మీ గిటారు వెంట తీసికొనిపోయి, పెట్టె బాగుగా వేడెక్కువఱకు కూర్చుండి వినుడు. ఇంటికి 5 వాట్ల చిన్న పెట్టె చాలును. 100 వాట్లదాని మంచి స్వరము హెచ్చించిన గాని రాదు. హెచ్చించిన పొరుగువా రూరకుండరు. మఱియు, ఇంకను గిటారు శ్రుతి చేసికొన నేరని బాలునకు దీనితో పనిలేదు. తల్లి నగ కుదువబెట్టి కొనదగిన వస్తువు అంతకంటెను కాదు.

పాత పెట్టెలో నాకు మిక్కిలి నచ్చునది మఱొకటి కలదు. అందలి తీగలు చేతితో అతికినవి. చెడిన భాగమొక్కటి తీసి మఱొకటి వేయవచ్చును. ఏ గుంటలో ఏ వాల్వు పెట్టవలెనో తెలుపు చీటీని లోపల అంటించి యిచ్చెడివారు. నేటి చౌక పెట్టె చెడినచో తఱచుగా పాఱవేయుటయే గతి. వాల్వు రేడియోలను బాగుచేసిన వృద్ధు లింకను మన పట్టణములలో అక్కడక్కడ నున్నారు. డబ్బు చెల్లించుటకు ముందే అట్టివా రొకరిని వెదకి, పెట్టెను వారికి చూపుడు. వారు విప్పి చూచునప్పుడు ప్రక్కన కూర్చుండి, చేతులు వెనుకకు కట్టుకొని, అడుగదలచిన దెల్ల అడుగుడు.