భోపాలు ప్రయోగశాలయు మన కోళ్లదొడ్డియు

మన సంఘములలో కోళ్లు పెంచువారు నానాటికి హెచ్చుచున్నారు. హైదరాబాదులో జూబ్లీహిల్సు, ఫిల్మునగరు ప్రాంతములయందు ఒక్క వదంతి పుట్టినచో అచ్చటి వంటయిండ్లలో గ్రుడ్డు మానివేయుదురు. ఆ నష్టము మాత్రము వచ్చి మన దొడ్డిమీద పడును. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసమువలన కరోనా సోకునను పుకారు ప్రబలినపుడు, మంత్రులును ఒక సినిమా నటియు నగరమున సభాముఖమున కోడికూర తిని చూపవలసివచ్చెను. అది మంచిపనియే. అయినను తారలు భుజించినంతమాత్రమున జనుల భయము తీరునా? నమ్మదగిన పరీక్షాఫలితము కావలయును. అది యెచ్చటనుండి వచ్చునో మనవారిలో పలువురెరుగరు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సినిమాలలో వైద్యుడు నాడి పట్టుకొనగానే రోగము పేరు చెప్పివేయును. దొడ్డిలో అట్లు కుదురదు. కొక్కెర తెగులుతో చచ్చిన కోడియు, బర్డ్‌ఫ్లూతో చచ్చిన కోడియు కంటి కించుమించుగ నొక్కటియే. మొదటిదానికి ఏండ్ల తరబడి మనము టీకాలు వేయించుచున్నాము. రెండవదని తేలినచో, రోగము పుట్టినచోటినుండి 1 కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడ్చి, 10 కిలోమీటర్లవరకు నిఘా యుంచుదురు. ఒకదాని నింకొకటిగా పొరబడినచో, ఊరక కోళ్లను చంపుకొనుటయో, రోగమును జిల్లా యంతట చల్లుటయో సంభవించును. అందుచేతనే ఈ తీర్పును భోపాలులోని జాతీయ ఉన్నత భద్రతా పశురోగ సంస్థకు విడిచిపెట్టినారు. ఈ రోగ విషయమున దానిని ప్రపంచ పశ్వారోగ్య సంస్థయు గుర్తించియున్నది.

ఆ కట్టడము సామాన్యమైనది కాదు. లోపలి గాలి వత్తిడి వెలుపలికంటె తక్కువగా నుండునట్లు యంత్రములతో నడిపింతురు; తలుపు తెరచినపుడు గాలి లోనికి పోవునే గాని బయటికి రాదు. పోవు గాలిని అతిసన్నని జల్లెడలద్వారా వడపోయుదురు. పనివారు స్నానము చేయనిదే వెలుపలికి రారాదు. మురుగునీటిని సైతము క్రిములు చచ్చునట్లు శుద్ధిచేసి విడుతురు. ఇంత పట్టుదల యేల యని యడుగువారికి ఇంగ్లండులోని పిర్‌బ్రైటు సంగతి చెప్పెదము. అచ్చట గాలికుంటు పురుగును పరీక్షించుటయు, టీకా చేయుటయు ఒకే ఆవరణలో జరుగుచుండెను. 2007 ఆగస్టులో పాతబడిన మురుగుగొట్టముల మూలమున ఆ రోగము వెలువడి చుట్టుపట్ల రైతుల పశువులకు తగిలెను. రోగమును నిర్ణయించుచోటనే రోగము పుట్టెను!

మన పెద్దలును ఈ భయమెరిగియే 1889లో పూనాలో నెలకొల్పిన పశురోగ ప్రయోగశాలను 1893లో హిమాలయ పర్వతములలోని ముక్తేశ్వరమునకు తరలించిరి. మన తాతలనాడు దొడ్లకు దొడ్లు తుడిచిపెట్టిన ముసర వ్యాధి 1995 తరువాత మన దేశమున కనబడలేదు. 2011లో లోకమంతటను అంతరించినదని ప్రకటించిరి. టీకాయొక్కటియే దీనిని సాధించినదని తలపరాదు. ప్రతి అనుమానపు చావును పరీక్షించి, ‘ఇది ముసర కాదు’ అని చెప్పగల ప్రయోగశాలలు లేనిచో, రోగము పోయినదని యెవరు నమ్మియుందురు?

ఇక మన మాట. 2015 ఏప్రిలులో హయత్‌నగరు మండలము తొర్రూరున, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లు చచ్చినపుడు నమూనాలు భోపాలుకే పోయినవి. ఫలితము వచ్చులోపల గడచు దినములు రైతునకు యుగములు. శాంతినగరులో ప్రభుత్వ టీకా సంస్థయు, జూబ్లీహిల్సునకు పడమర గచ్చిబౌలిలో 1982లో స్థాపితమైన ఇండియన్ ఇమ్యునలాజికల్సు కర్మాగారమును ఉండగా, అట్టి ప్రయోగశాల హైదరాబాదుననే యేల కట్టరాదని కొందరు మిత్రులు వాదించుచున్నారు. మే మంగీకరింపము. కట్టుట యొకనాటి పని, నడుపుట నిత్యపు పని. విద్యుత్తు ఆగినను, జల్లెడ మార్చుట మరచినను, అట్టి భవనము లేకుండుటయే మేలు. ఆ ధనముతో జిల్లా వ్యాధినిర్ణయ కేంద్రములలో ఖాళీలు నింపి, మంచుపెట్టెలును బండియు నిచ్చినచో, నమూనా చెడక త్వరగా భోపాలు చేరును.

అంతకంటె పెద్ద జాప్యము మనయొద్దనే కలదు. ఒక గ్రామమున కోళ్లు చచ్చుట మొదలుకాగానే రైతు మిగిలినవానిని రాత్రికి రాత్రి సగము వెలకు అమ్మివేయగా, ఆ బుట్టలతోడనే రోగము మూడూళ్లు తిరిగినది. అతనిని నిందింపజాలము, అప్పు తీర్చవలసినవాడు. కాని అధికారులు చంపించిన కోళ్లకే నష్టపరిహారము, తానై చచ్చిన కోడికి లేదు. కావున ముందు చెప్పినవానికి ఎక్కువ కోళ్లకు పరిహారము దక్కును. దాచినవానికి గోతిలోని కోళ్లే మిగులును. ప్రభుత్వమువారును ఆ సొమ్మును నెలలు గడపక చెల్లించినగాని ఈ మాట రైతుల చెవి కెక్కదు.

చచ్చిన కోడిని కోసి చూడవలదు, కాలువలో వేయవలదు. పశువైద్యునికి కబురంపి, ఆయన వచ్చువరకు దొడ్డిలోనికి ఇతరులను రానీయవలదు. నమూనా తీయవలసినవాడు ఆయనయే. ప్రతి సంఘమును మంచుపెట్టె నొకదానిని కొని కార్యదర్శి యింట నుంచుటకు రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము పెట్టవలసినదిగా కోరుచున్నాము.