నడిచేవాళ్లకూ ఒక బాట

రోజుల తరబడి, ఊరూరా మజిలీలు చేస్తూ సాగే కాలినడక చూడాలంటే ఏ విదేశానికో వెళ్లక్కర్లేదు. ఉగాదికి ముందు ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు మీద నిలబడితే చాలు. కర్ణాటక నుంచి వేలాది మంది ఈ దారిన శ్రీశైలానికి నడిచిపోతారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని నమ్మి చీర, పసుపు కుంకుమలు మోసుకెళ్తారు. కర్నూలు, ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెడతారు. అంతవరకూ వాళ్లను నడిపించేది దారిలోని ఊళ్లే: ఒకచోట మజ్జిగ, ఇంకోచోట అన్నం, మరోచోట బొబ్బలెక్కిన కాళ్లకు మందు. జపాన్‌లో షికోకు దీవిని చుట్టి 88 ఆలయాలు దర్శించే యాత్రికులను కూడా, సుమారు 1,200 కిలోమీటర్ల దారి పొడవునా, స్థానికులు ఇలాగే ఆదరిస్తారు. వేల్స్ అయితే 2012లో తన సముద్రతీరం పొడవునా కాలిబాటే ఏర్పాటు చేసుకుంది. మన దగ్గర నడిచేవాడికి దక్కేది లారీల పక్కన తారురోడ్డు అంచు. అన్నం పెట్టడం దాతలకు చేతనవుతుంది. నీడ, మరుగుదొడ్లు, రాత్రి వెలుతురు మాత్రం ప్రభుత్వం పూనుకుంటేనే వస్తాయి. రోడ్డు వెడల్పు చేసే ప్రతి పనిలోనూ పక్కన ఒక మట్టిబాట, దాని వెంట వేప, కానుగ మొక్కల ఖర్చును అంచనాల్లోనే చేర్చాలి. యాత్ర ముగిశాక ఏడాదంతా ఆ బాట బడిపిల్లలకు, పత్తి చేలకు వెళ్లే కూలీలకు పనికొస్తుంది. పండగకు వేసి తీసేసే షామియానాలతో ఆ మేలు జరగదు.